నదిలోని తల్లిరొయ్య – చెఱువులోని పంట

నారుమడికి విత్తనము తెచ్చుకొను రైతు గింజను చేతిలో పోసికొని పరీక్షించును. అది ఏ రకము, ఏ ఊరినుండి వచ్చినది, తాలెంత, మొలకెంత యని విచారించి గాని మడిలో చల్లడు. ఆబోతును ఎన్నుకొనునపుడు గ్రామమంతయు కూడి దాని తల్లి ఎంత పాడి యిచ్చినదో అడుగును. కాని చెఱువులో రొయ్యపిల్లలను విడుచునపుడు మాత్రము ఈ విచారణ సాధారణముగా జరుగుట లేదు. ప్లాస్టిక్ సంచులలో వెండ్రుకవలె సన్నని పిల్లలు వచ్చును. సంచులు విప్పి నీటిలో వదలుట, సంఖ్యను పుస్తకములో వ్రాసికొనుట, అందరును చేవ్రాలు చేయుట – ఇంతటితో పని ముగియును. ఆ పిల్లల తల్లులు ఏ నదివి? ఎన్ని తల్లులకు పుట్టినవి? వానిని విడుచుచున్న నీరు ఎట్టిది? ఈ మూడు ప్రశ్నలకును చెఱువు పంటకును గల సంబంధమును పంచాయతీ సభ్యులకు తెలియజేయుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము. ఇందుకు ఆధారమైన విద్య జన్యుశాస్త్రము.

నగరపు తూర్పు వాకిలి

విజయవాడ నుండి వచ్చు జాతీయ రహదారి హయత్ నగర్ దాటి ఎల్.బి.నగర్ కూడలికి వచ్చి, కొత్తపేట మీదుగా దిల్ సుఖ్ నగర్ చేరును. కొన్ని దశాబ్దముల క్రిందట సరూర్ నగర్, కొత్తపేట, నాగోలు మన పల్లెలవంటి పల్లెలే. నేడవి మహానగరములో కలసిపోయినవి. కోస్తా జిల్లాలలో పట్టిన రొయ్య మంచుపెట్టెలలో ఈ దారినే హైదరాబాదులో ప్రవేశించును. కావున రొయ్యల సంగతి తెలిసికొనుటకు ఈ తూర్పు వాకిలి తగిన స్థలము.

హైదరాబాదునకు వచ్చు రొయ్యలలో ముఖ్యముగా మూడు జాతులు కలవు. మొదటిది వనామీ. ఇది అమెరికా ఖండపు పసిఫిక్ తీరమునకు చెందినది. 2009లో మన దేశమున దీని పెంపకమునకు విస్తృతముగా అనుమతి లభించినది. రెండవది టైగర్ రొయ్య. ఇది మన సముద్రముదే. 1994–95 ప్రాంతమున తెల్లమచ్చ వ్యాధి వచ్చి దీని చెఱువులు పాడుపడినవి. మూడవది నీలిరంగు పొడవు చేతులు గల నీలకంఠపు రొయ్య. ఇది మన నదుల బిడ్డ. మంచినీటి చెఱువులలో పెరుగునది ఇదియే గనుక లోపలి జిల్లాల పంచాయతీలకు దీనితోనే ఎక్కువ పని. ఈ పాఠములో ప్రధానముగా దీనిని గురించియే చెప్పుచున్నాము.

ఈ ప్రాంతము నుండియే మొదలిడుటకు మరియొక కారణము కలదు. ఎల్.బి.నగర్ నుండి లోపలి వలయ రహదారిపై నాగోలు వద్ద మూసీ నదిని దాటి ఉప్పల్ చేరినచో అచ్చట డి.ఎన్.ఎ. వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రము కలదు. అది 1996లో ఏర్పడినది. మరికొంత దూరము పోయినచో హబ్సీగూడలో 1977లో స్థాపింపబడిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రము – మనము సి.సి.ఎం.బి. యని పిలుచునది – కనబడును. 1980ల చివర డాక్టరు లాల్జీ సింగ్ గారు మన దేశపు డి.ఎన్.ఎ. వేలిముద్రల పద్ధతిని రూపొందించినది ఇచ్చటనే. 2020లో కరోనా వ్యాపించినపుడు ఈ రెండు సంస్థలును పరీక్షలు నిర్వహించినవి. బిడ్డకు తండ్రి ఎవరో తేల్చు విద్యయు, ముక్కునుండి తీసిన తడిలో వ్యాధిని కనుగొను విద్యయు, ఒక నదిలోని రొయ్యల వంశమును చదువు విద్యయు ఒకే చెట్టు కొమ్మలు.

నీలకంఠపు రొయ్య బ్రతుకు

జన్యువుల సంగతికి ముందు ఈ జీవి బ్రతుకు తీరును తెలిసికొనవలెను. నీలకంఠపు రొయ్య మంచినీటిలో పెరుగును. కాని మంచినీటిలో దాని సంతానము బ్రతుకదు. పెద్ద ఆడరొయ్య తన పొట్ట క్రింది కాళ్ళ నడుమ ఎనుబది వేలకు పైగా గ్రుడ్లను మోయగలదు. మొదట నారింజరంగులో నున్న గ్రుడ్లు సుమారు మూడు వారములలో బూడిదరంగునకు మారి పొదుగును. ఆ కాలమున తల్లి ప్రవాహముతో క్రిందికి సాగి, నది సముద్రమును కలియు మొగ వద్దకు చేరును. పొదిగిన పిల్లలకు సముద్రపు ఉప్పులో సుమారు మూడవ వంతు ఉప్పు గల నీరు కావలెను. అది దొరకని పిల్లలు కొద్ది దినములలోనే చచ్చును. ఉప్పు కలిసిన నీటిలో పదకొండు దశలు దాటిన తరువాతనే పిల్ల రొయ్య రూపమును దాల్చి, ఏటికెదురుగా మంచినీటిలోనికి తిరిగి వచ్చును.

ఈ రహస్యమును 1960ల తొలి సంవత్సరములలో మలేషియాలోని పెనాంగులో షావో వెన్ లింగ్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. తరువాత హవాయి దీవులలో తకుజీ ఫుజిమురా పెద్దయెత్తున పిల్లలను పెంచు పద్ధతిని స్థిరపరచెను. మలేషియా నుండి హవాయికి తెచ్చిన కొద్దిపాటి తల్లిరొయ్యల సంతతి తరువాత అనేక దేశముల చెఱువులకు వ్యాపించినది. కొద్ది తల్లులనుండి పెద్ద వంశము పెరిగిన ఈ ఉదాహరణను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు.

ఇక నాగోలు వంతెన క్రింద పారు మూసీ నీటి దారిని చూడుడు. ఆ నీరు నల్లగొండ సీమలోనికి సాగి, సూర్యాపేట సమీపమున మూసీ ప్రాజెక్టులో ఆగి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. అచ్చటనుండి పులిచింతల జలాశయము, ఆపై 1957లో పూర్తియైన విజయవాడ ప్రకాశం బ్యారేజి. వీనినన్నిటిని దాటి హంసలదీవి వద్ద సముద్రము. మన చెఱువులో విడిచిన ఆడరొయ్య సంతానము కనవలెనన్న ఈ దారియంతయు దిగవలెను. దాని పిల్లలు ఈ దారియంతయు ఎక్కవలెను. అది జరుగు పని కాదు. ఆనకట్టలు మనకు అన్నము పెట్టినవి. వానిని నిందింపనక్కర లేదు. కాని వాని ఫలితమును గ్రహింపవలెను. లోపలి చెఱువులలో రొయ్య స్వయముగా వృద్ధి పొందదు. ప్రతి సంవత్సరమును హేచరీ నుండి పిల్లలను తేవలసినదే. హేచరీ తల్లులకు మూలము నదులలో సహజముగా బ్రతుకు రొయ్యలే. నదిలోని రొయ్య మన అందరి విత్తనపు గాదె యనుటలో అతిశయోక్తి లేదు.

వంశలక్షణము లనగా నేమి?

ప్రతి జీవికణములోను డి.ఎన్.ఎ. అను పదార్థము సన్నని దారమువలె చుట్టుకొని యుండును. దానిపై నాలుగు అక్షరముల లిపి వంటిది వ్రాయబడి యున్నది. ఆ లిపిలో ఒక్కొక్క పనిని నిర్దేశించు భాగమునకు జన్యువని పేరు. పిల్ల తన లిపిలో సగము తల్లి నుండియు, సగము తండ్రి నుండియు పొందును. తాళపత్ర గ్రంథమును పలువురు వ్రాయసగాండ్రు నకలు చేసినపుడు ప్రతులలో పాఠాంతరములు ఏర్పడునట్లు, ఒకే జన్యువునకు ఒక జాతిలో పలు పాఠాంతరములు ఉండును. ఒక పాఠము వేడిని ఓర్చుటకును, వేరొకటి వ్యాధిని తట్టుకొనుటకును, ఇంకొకటి త్వరగా పెరుగుటకును తోడ్పడవచ్చును.

ఒక నది రొయ్యలలో ఇట్టి పాఠాంతరములు ఎన్ని ఎక్కువ యున్న ఆ వంశమునకు అంత బలము. కొత్త వ్యాధి వచ్చినపుడు కొన్ని చచ్చినను, తట్టుకొను పాఠము గలవి మిగిలి వంశమును నిలుపును. అన్నియు ఒకే పాఠము గలవైనచో ఒకే దెబ్బకు అన్నియు పోవును. ఒకసారి పోయిన పాఠాంతరము మరల రాదు. చివరి ప్రతి కాలిపోయిన గ్రంథమువంటిది అది.

నదిలోని రొయ్యలను చదువు విధము

ఈ లిపిని చదువుటకు రొయ్యను చంపనక్కర లేదు. ఈదుకాలి చివర చిన్న ముక్క త్రుంచి ఆల్కహాలులో నిలువ చేసిన చాలును. ఒక నది పొడవున పలుచోట్ల, పలు రొయ్యల నుండి ఇట్టి ముక్కలు సేకరించి ప్రయోగశాలకు పంపుదురు.

అచ్చట రెండు విధములైన గుర్తులను ప్రధానముగా చూతురు. మైటోకాండ్రియా అను కణభాగములో నున్న చిన్న లిపి ఖండము మొదటిది. అది తల్లి నుండి మాత్రమే బిడ్డకు వచ్చును. మన ఇంటిపేరు తండ్రి వైపున నడచినట్లు ఇది తల్లి వైపున నడచును. కనుక దానినిబట్టి ప్రాచీన వంశశాఖలు తెలియును. లిపిలో రెండు మూడు అక్షరములు మరల మరల వచ్చు స్థలములు రెండవ గుర్తు. ఎన్ని మారులు వచ్చునో జీవికి జీవికి మారుచుండును గాన, వానిని పోల్చి తల్లిదండ్రులను, తోబుట్టువులను, దగ్గరి చుట్టములను గుర్తింపవచ్చును.

ఈ పరీక్షలవలన పాలనకు పనికివచ్చు సంగతులు మూడు తెలియును.

మొదటిది, రెండు చోట్ల నున్నవి ఒకే వంశమా, వేర్వేరా యనునది. ఆసియాలోను, ఆస్ట్రేలియా–న్యూగినీ భాగములోను ఉన్న నీలకంఠపు రొయ్యలను పూర్వము ఒకే జాతిగా భావించెడివారు. దేహలక్షణములతో పాటు డి.ఎన్.ఎ.ను కూడ పరిశీలించి, అవి రెండు వేర్వేరు జాతులని నేడు అంగీకరించిరి. కంటికి ఒకటిగా కనబడునది లిపిలో రెండు కావచ్చును. సముద్రపు రొయ్యల పిల్లలు వారముల తరబడి ప్రవాహములలో కొట్టుకొనిపోవును గాన దూరపు తీరముల రొయ్యలును ఒకదానితో ఒకటి కలియు అవకాశము హెచ్చు. నదీముఖములకు కట్టుబడిన నీలకంఠమునకు ఆ అవకాశము తక్కువ.

రెండవది, నదిలో నిజముగా సంతానము కనుచున్న రొయ్యల సంఖ్య ఎంతయనునది. వలలో పడిన బరువును చూచి దీనిని చెప్పజాలము.

మూడవది, హేచరీ నుండి విడిచిన పిల్లలలో ఎన్ని బ్రతికినవి, అవి నది రొయ్యలతో కలసినవా యనునది. తల్లుల లిపిని ముందుగా నమోదు చేసికొనినచో, తరువాత వలలో పడిన రొయ్యను చూచి అది విడిచినదో, నదిలో పుట్టినదో తేల్చవచ్చును. అప్పుడు విత్తనముపై పెట్టిన ధనము ఫలించినదా యను ప్రశ్నకు సాక్ష్యముతో సమాధానము చెప్పవచ్చును.

ఇంతకంటె సులభమైన మార్గము కూడ వచ్చుచున్నది. నీటిలో నుండు జీవులు పొలుసు, బంక, మలము మొదలగువాని రూపమున తమ డి.ఎన్.ఎ.ను నీటిలో విడుచుచుండును. సి.సి.ఎం.బి.కి చెందిన అత్తాపూర్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ఒడిశాలోని చిలికా సరస్సు నీటిని వడగట్టి, అందలి డి.ఎన్.ఎ.ను చదివి, ఆ సరస్సులోని బహువిధ జీవకుటుంబముల జాడ తీసి 2024లో ప్రకటించిరి. కడవెడు నీటిని చూచి నదిలో ఏ జీవులున్నవో చెప్పగల ఈ పద్ధతి, ఆనకట్టలకు ఎగువ నీలకంఠము ఎచ్చట మిగిలియున్నదో వెదకుటకు కూడ అనువైనది.

తల్లుల లెక్క

ఇప్పుడు పంచాయతీ సభ్యులు కాగితము, కలము తీసికొని చేయదగిన లెక్క యొకటి చూపెదము. ఒక హేచరీలో వంద పెద్ద రొయ్యలున్నవనుకొందము. వంద యనగానే చాల హెచ్చని తోచును. కాని వంశము దృష్ట్యా ఆ వంద ఎంతకు సమానమో తెలిసికొనుటకు ఒక సూత్రము కలదు. ఆడువాని సంఖ్యను మగవాని సంఖ్యచే హెచ్చవేసి, వచ్చినదానిని నాలుగింతలు చేసి, మొత్తము సంఖ్యచే భాగింపవలెను.

ఏబది ఆడువి, ఏబది మగవి యున్నచో: 50ని 50చే హెచ్చవేసిన 2,500, నాలుగింతలు 10,000, వందచే భాగింప 100. ఇచ్చట వంద వందయే.

తొంబది ఆడువి, పది మగవి యున్నచో: 90ని 10చే హెచ్చవేసిన 900, నాలుగింతలు 3,600, వందచే భాగింప 36.

తొంబదియైదు ఆడువి, అయిదు మగవి యున్నచో: 95ని 5చే హెచ్చవేసిన 475, నాలుగింతలు 1,900, వందచే భాగింప 19 మాత్రమే. తొట్టిలో తలలు వంద. వంశము లెక్కలో పంతొమ్మిది.

బయటినుండి కొత్తరక్తము రాక, ఆ సంతతినుండియే మరల తల్లులను ఎన్నుకొనుచు పోయినచో, మొదటి హేచరీలో తరమునకు అరశాతము చొప్పున, మూడవ హేచరీలో తరమునకు రెండున్నర శాతమునకు పైగా దగ్గరి చుట్టరికము పెరుగును. పది తరములకు మొదటిదానిలో అది అయిదు శాతము చేరును. మూడవదానిలో ఇరువదిమూడు శాతము దాటును. రొయ్యకు తరము మనకువలె పాతికేండ్లు కాదు. ఏడాదికే తరము మారును గాన పదేండ్లలోనే ఈ దుస్థితి ప్రాప్తించును. ఒకే ఆబోతును దాని కూతుళ్ళకు, మనుమరాండ్రకు కూడ కట్టినచో మంద ఏమగునో మన రైతులకు తెలియును. పెరుగుదల మందగించును, సంతానము తగ్గును, వ్యాధికి లొంగును. రొయ్యలోను అంతే.

ఇంకొక చిక్కు కలదు. ఒక తల్లికే వేలకొలది పిల్లలు పుట్టును గాన, నాలుగైదు తల్లుల సంతానముతోనే ఒక చెఱువును నింపివేయవచ్చును. లెక్కపుస్తకములో లక్ష పిల్లలని యుండును; వంశపుస్తకములో అవి నాలుగిండ్ల తోబుట్టువులు. ఆ సంవత్సరపు పంట కోసి అమ్ముకొనుటకైతే పెద్ద చిక్కు లేదు. కాని అందుండియే పెద్ద రొయ్యలను ఏరి మరల హేచరీకి తల్లులుగా పంపినచో తోబుట్టువులను తోబుట్టువులకు జతపరచినట్లగును. ఆ తప్పు కంటికి కనబడదు. కొన్ని తరముల తరువాత పంటలో కనబడును.

మన కండ్ల యెదుట జరిగినది

ఇది పుస్తకములలోని భయము మాత్రమే కాదు. 2000 ప్రాంతమున నెల్లూరు మొదలగు కోస్తా జిల్లాలలో నీలకంఠపు పెంపకము మిక్కిలి వ్యాపించినది. 2005 ప్రాంతమున దేశములో దీని దిగుబడి నలుబదివేల టన్నులను దాటినది. ఆ తరువాత అయిదేండ్లలోనే అది పదివేల టన్నులకు లోబడి పడిపోయినది. ఇందుకు కారణములు పెక్కు. తోక తెల్లబడు వ్యాధి హేచరీలలో పిల్లలను తుడిచిపెట్టినది. 2009 తరువాత వనామీ వచ్చి రైతులను ఆకర్షించినది. వీనితో పాటు, కొద్ది తల్లులను త్రిప్పి త్రిప్పి వాడుటవలన పిల్లల పెరుగుదల క్షీణించినదని శాస్త్రజ్ఞులును, రైతులును గుర్తించిరి. తోక తెల్లబడు వ్యాధిలో పెద్ద రొయ్య పైకి ఆరోగ్యముగా కనబడుచునే రోగక్రిమిని మోసి, గ్రుడ్ల ద్వారా పిల్లలకు అంటింపగలదు. కనుక తల్లిని పి.సి.ఆర్. పరీక్ష చేయించుట తప్పనిసరి. కరోనా నాటినుండి ఈ పరీక్ష పేరు తెలియని గ్రామము లేదు గదా.

ఈ క్షీణతను సరిదిద్దుటకు భువనేశ్వరములోని కేంద్రీయ మంచినీటి జీవుల పెంపక సంస్థ – సీఫా – 2007లో వరల్డ్ ఫిష్ అను అంతర్జాతీయ సంస్థ సహకారముతో ఒక కార్యక్రమమును చేపట్టినది. వారు మొట్టమొదట చేసిన పని యేది? నదులను ఆశ్రయించుట. గుజరాతు, కేరళ, ఒడిశా రాష్ట్రముల సహజ వంశముల నుండి తల్లిరొయ్యలను తెచ్చి, మూడింటిని ఒకదానితో ఒకటి అన్ని విధముల జతపరచి, విశాలమైన పునాది వేసిరి. తరువాత ప్రతి కుటుంబమునకు గుర్తు పెట్టి, ఏ తల్లిదండ్రుల పిల్లలు బాగుగా పెరిగినవో లెక్క వ్రాసికొని, దగ్గరి చుట్టములను జతపరచకుండ తరము వెంట తరము ఎన్నిక చేసిరి. ఆ మేలురకము 2020లో ‘సీఫా జి.ఐ. స్కాంపి’ అను పేరుతో నమోదైనది. నదులలో సహజ వంశములు మిగిలియుండుటచేతనే ఇది సాధ్యమైనది. గాదెలో గింజలు లేనిచో ఎంత నేర్పరియైన కమతగాడును పంట పండింపజాలడు.

ఏ నీటికి ఏ విత్తనము?

తెలంగాణలో 2016లో ప్రభుత్వము చెఱువులలోను, జలాశయములలోను చేపపిల్లలను విడుచు పథకమును ప్రారంభించినది. ఆపై కొన్ని జలాశయములలో నీలకంఠపు పిల్లలను కూడ విడిచినారు. గంగపుత్ర, ముదిరాజు, బెస్త సోదరుల సహకార సంఘములకు ఇట్టివి జీవనాధారములు. అయితే విడుచు నీటిని బట్టి విత్తనమును ఎన్నుకొనవలెను.

చుట్టును కట్ట గల గ్రామచెఱువులో విడిచిన రొయ్య సముద్రమునకు పోలేదు, సంతానము కనలేదు, పట్టి అమ్ముటయే దాని గతి. అట్టి చెఱువునకు త్వరగా పెరుగు మేలురకమే ఉచితము. నదితో నేరుగా కలిసియున్న నీటి సంగతి వేరు. ముఖ్యముగా ఆనకట్టలకు దిగువన, మొగలకు చేరువగా నున్న కాలువలలోను, ఏటిపాయలలోను విడిచిన రొయ్య నదీవంశముతో కలియును. తొట్లలో పెరుగుటకు ఎన్నిక చేసిన రకము వరదలో, ఎండలో, నదిలోని శత్రువుల నడుమ నిలుచుటకు తగినదని చెప్పజాలము. వేలకొలది సంవత్సరములుగా ఆ నదికి అలవాటు పడిన స్థానిక పాఠాంతరములను కొద్ది తల్లుల సంతానము లక్షలుగా వచ్చి అణచివేయవచ్చును. కావున అట్టి నీటిలో ఏమైన విడువవలసి వచ్చినచో ఆ నది తల్లుల పిల్లలనే, అనేకమంది తల్లుల పిల్లలనే విడువవలెను.

జన్యుశాస్త్రము సర్వరోగములకును మందు కాదని కూడ చెప్పవలెను. మగ నీలకంఠములలో కొన్ని చిన్నవిగానే మిగులును. కొన్ని నారింజ చేతులతోను, కొన్ని పెద్ద నీలిచేతులతోను ఉండును. పెద్ద నీలిచేతుల మగవానిని పట్టివేసిన తరువాత మిగిలినవి ఎదిగి ఆ స్థానమునకు వచ్చును. ఇది చాలవరకు గుంపులోని పెత్తనమువలన వచ్చు భేదము. చిన్న రొయ్యను చూచి విత్తనము చెడినదని తొందరపడరాదు. అట్లే నగరపు మురుగు మూసీలో కలియుచున్నంత కాలము ఎంత మేలైన విత్తనమును ఆ నీటిలో వేసినను ఫలముండదు. నీటి శుద్ధి మొదటిది. వంశశుద్ధి దాని వెంట వచ్చునది.

పంచాయతీలు చేయదగిన పనులు

1. విత్తనపు చీటీ: రొయ్యపిల్లలు వచ్చునపుడు సంఖ్యతో పాటు హేచరీ పేరు, తల్లుల మూలము, ఆడ మగ తల్లిరొయ్యల సంఖ్య, పి.సి.ఆర్. పరీక్ష ఫలితము వ్రాసియున్న కాగితమును అడిగి పంచాయతీ దస్త్రములో ఉంచవలెను. వరుసగా మూడేండ్ల చీటీలున్నచో ఏ విత్తనము ఎంత పంట నిచ్చినదో పోల్చి చూడవచ్చును.

2. చెఱువు జాబితా: గ్రామములోని నీటి వనరులలో మూతబడినవి ఏవి, అలుగు ద్వారా వాగుతోను, నదితోను కలియునవి ఏవి యని వేరు చేసి జాబితా వ్రాయవలెను. ఏ విత్తనమును ఎచ్చట విడువవచ్చునో ఈ జాబితాయే చెప్పును.

3. గ్రుడ్లతో నున్న తల్లి: నదీతీర గ్రామములలో గ్రుడ్లతో నున్న రొయ్య వలలో పడినపుడు దానిని తిరిగి నీటిలో విడుచుట ఆచారముగా నెలకొల్పవలెను. గ్రుడ్లు పెట్టు ఋతువు నదినిబట్టి మారును గాన దానిని అనుభవజ్ఞులైన మత్స్యకారులే నిర్ణయింపవలెను. తూర్పుతీర సముద్రములో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు యాంత్రిక పడవల వేట నిలిపివేయుచున్నారు. నదులలో అట్టి కట్టడిని గ్రామములు కూడి తామే ఏర్పరచుకొనవచ్చును.

4. దోమతెర వలలు: మొగల వద్ద సన్నని వలలతో పసిపిల్లలను పట్టి అమ్ముట విత్తనపు గాదెకు కన్నము వేయుటయే. దీనిని గ్రామసభలో చర్చించి మాన్పింపవలెను.

5. పరదేశి జాతులు: వనామీ వంటి జాతులను పెంచు చెఱువుల నీరు వరదలలో పొంగి ఏటిలో కలియకుండ గట్లను, తూములకు జాలీలను చూచుకొనవలెను.

6. శాస్త్రజ్ఞులతో సంబంధము: జిల్లా మత్స్యశాఖాధికారి ద్వారా విజయవాడలోని సీఫా ప్రాంతీయ కేంద్రము సలహాను పొందవచ్చును. శాస్త్రజ్ఞులు నమూనాలకై వచ్చినపుడు మత్స్యకారులు తోడ్పడి, రొయ్య పట్టిన స్థలమును, తేదీని సరిగా చెప్పవలెను. స్థలము తెలియని నమూనా చిరునామా లేని ఉత్తరము వంటిది.

ముగింపు

కృష్ణకు, గోదావరికి రాష్ట్రముల గీతలు మనము గీచితిమి. రొయ్యకు ఆ గీతలు తెలియవు. ఎగువ గ్రామము విడిచిన విత్తనము దిగువ గ్రామపు ఏటికి చేరును. దిగువ మొగలో కాపాడిన తల్లి ఎగువ చెఱువుకు విత్తనమగును. కనుక ఇది ఏ ఒక్క పంచాయతీ పనియు కాదు. ఏ పంచాయతీయు తప్పించుకొనదగిన పనియు కాదు.

వచ్చు సంవత్సరము రొయ్యపిల్లల సంచులు మీ చెఱువు కట్టకు వచ్చినపుడు, ముడి విప్పుటకు ముందు ఈ మూడు మాటలు అడుగుడు: తల్లులు ఏ నదివి? ఎన్ని తల్లులు, ఎన్ని తండ్రులు? ఈ నీటికి ఈ విత్తనము తగునా? మొదటిసారి అడిగినపుడు సమాధానము దొరకకపోవచ్చును. పది పంచాయతీలు అడిగినచో హేచరీ లెక్క వ్రాయుట మొదలిడును. నూరు పంచాయతీలు అడిగినచో లెక్కలేని విత్తనము మన చెఱువుల వైపు రాదు.